మూడు చుక్కలు కనిపించే లైటు

మొదటి పదకొండేళ్లు నేను ఫోటోలు తీయలేదు, తుడిచాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు డిపో వెనక సందులో ఒక స్టూడియో ఉండేది. కింద టిఫిన్ సెంటరు, పైన బ్యాంకు పరీక్షల కోచింగు, నడుమ మేము. ముందు గదిలో ఓనరు సార్ ఫోటోలు తీసేవాడు. వెనక, కిటికీ లేని గదిలో కంప్యూటరు ముందు కూర్చుని ఆ ఫోటోల్లోని మనుషుల్ని నేను బాగుచేసేదాన్ని. మొటిమలు, మచ్చలు, కళ్ల కింద నలుపు, మెడ మీద గీతలు ఒక్కొక్కటే మౌసుతో తుడిచెయ్యడం, ఆ తర్వాత రంగు పెంచడం. రంగు పెంచడమంటే ఏ రంగో మన దగ్గర ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. కౌంటరు దగ్గర రసీదు తీసుకున్న ప్రతివాళ్లూ వెళ్లే ముందు నా గదిలోకి ఒకసారి తొంగిచూసేవాళ్లు.

“అక్కా, జర తెల్లగ రావాలె.”

పాస్‌పోర్టు ఫోటోకీ అదే మాట, పెళ్లి సంబంధానికీ అదే మాట. రేషన్ కార్డు కోసం ఫోటో దిగిన ఒక ముసలాయన కూడా వచ్చి అదే చెప్పాడు. “తాతా, రేషన్ బియ్యానికి నువ్వు తెల్లగుంటే ఏంది, నల్లగుంటే ఏంది?” అన్నాను. ఆయన బోసినోటితో నవ్వి, “ఏమో బిడ్డా, అందరు చెప్పిపోతుండ్రు గదా, నేనెందుకు ఊకోవాలె” అన్నాడు. ఆయన్ని కూడా తెల్లగానే చేసి పంపాను. నా చెయ్యి అంత వాటంగా తిరిగేది. టీ చల్లారేలోపు ముగ్గుర్ని తేల్చేసేదాన్ని. ఆ పనితనం గురించి నాకు గర్వంగా కూడా ఉండేది, దాచడం ఎందుకు.

సార్‌కి మోకాళ్లు అరిగిపోయి ఆ స్టూడియో మూసేశాడు. మూడు నాలుగేళ్లు ఇంట్లో కూర్చునేసరికి నాకు పిచ్చెక్కినట్టయింది. నేనే ఒకటి పెడతానంటే మా ఆయన మొదట నవ్వాడు, తర్వాత టేపు తెచ్చి గది కొలిచాడు. ఆయన ఎలక్ట్రీషియన్. ఎల్‌బీ నగర్ చౌరస్తా నుంచి కర్మన్‌ఘాట్ వైపు పోయే దారిలో, రెండు సందులు లోపల, ఒక్క షట్టరున్న చిన్న మడిగె కిరాయికి దొరికింది. ఎదురుగా నాలుగంతస్తుల అమ్మాయిల హాస్టలు. దాని గోడకు కొత్తగా తెల్ల సున్నం వేశారు. మా షట్టరు ఎత్తితే ఆ గోడ మీది వెలుతురంతా వచ్చి మా గదిలో పడుతుంది. అప్పుడు దాని సంగతి నేను పట్టించుకోలేదు. ఒక ఆదివారం చర్చి అయిపోయాక మా ఆయన వైరింగు మొత్తం పూర్తిచేశాడు. గోడకు బూడిద రంగు, తెలుపు, నీలం తెరలు వచ్చాయి. కెమెరా ముందే కొనుక్కున్నాను. ఇక మిగిలింది లైట్లు.

అక్కడే నా బండి ఆగిపోయింది. లైటు గురించి నాకు నిజంగా ఏమీ తెలియదు. పదకొండేళ్లూ నా దగ్గరికి వచ్చింది లైటు పడ్డాక మిగిలిన ముఖం మాత్రమే. ఎక్కడ తప్పు పడినా నా మౌసు సర్దేది. ఇప్పుడు ఫోటో తీసేదీ నేనే, సర్దేదీ నేనే. లైటు సరిగ్గా కుదిరితే సగం తుడుపు పని తప్పుతుందని ఆశ. అందులో నా సోమరితనం కూడా కొంత ఉంది.

ఇంకో కోరిక కూడా ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. నా స్టూడియోలో మొదటి ఫోటో మా అత్తమ్మది కావాలి.

మా అత్తమ్మది నల్గొండ దిక్కు పల్లె. పెళ్లయిన కొత్తలో మామయ్యతో పట్నం వచ్చి, గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో బత్తాయి కాయలు ఏరే పనికి కుదిరింది. కుప్పలో చెయ్యి పెట్టి ఏది పెద్దకాయ, ఏది రసమున్నది, ఏది లోపల ఎండిపోయింది అని వేరుచెయ్యడం ఆ పని. మార్కెట్ అక్కడినుంచి తరలిపోయేదాకా చేసింది. మనిషి నల్లగా, సన్నగా, నిటారుగా ఉంటుంది. నేను కోడలిగా రాకముందే ఆ కుటుంబమంతా ప్రభువును నమ్ముకున్నారు, అందుకని నుదుట బొట్టుండదు. కానీ గడ్డం మీద, పెదవికి కొంచెం కిందగా, మూడు పచ్చబొట్టు చుక్కలున్నాయి. పైన ఒకటి, కింద రెండు. నల్లటి ఒంటి మీద ఆకుపచ్చ కాబట్టి దగ్గరికొస్తే తప్ప కనిపించవు.

నా పెళ్లి ఆల్బమ్ నేనే చేసుకున్నాను. పెళ్లయిన వారానికే పనిలోకి వెళ్లి, నా సీట్లో కూర్చుని, నా పెళ్లి ఫోటోలు నేనే తుడుచుకున్న పెళ్లికూతుర్ని. తెల్ల చీరలో నన్ను నేను ఎంత తెల్లగా చేసుకున్నానో చెప్పను, సిగ్గుచేటు. అత్తమ్మ ఫోటో దగ్గరికి వచ్చేసరికి ఇంకా మనసుపెట్టి చేశాను. కొత్త కోడలిగా నేను ఇచ్చే మొదటి కానుక అదే అనుకున్నాను. ముఖం తెల్లబరిచాను, ముడతలు తీశాను, గడ్డం మీది మూడు చుక్కలూ తుడిచేశాను. అవి మచ్చలనుకుని కాదు. పచ్చబొట్టని నాకు తెలుసు, మా అమ్మమ్మ చేతి మీదా ఉండేది. పల్లెటూరి గుర్తు, పైగా ఇప్పుడు చర్చికి వెళ్లే ఇల్లు, తీసేస్తే సంతోషిస్తుందనుకున్నాను. ఒక్కో చుక్కకు ఒక్కో నొక్కు, మూడు నొక్కులతో అయిపోయింది.

ఆల్బమ్ ఇంటికొచ్చిన రోజు అత్తమ్మ తన ఫోటో ఉన్న పేజీ చాలాసేపు చూసింది. “మంచిగున్నది బిడ్డా” అని మూసేసి లేచిపోయింది.

ఆ తర్వాత ఆవిడ మళ్లీ ఫోటో దిగలేదు. పిల్లల పుట్టినరోజైనా, క్రిస్మస్ అయినా, చర్చి వార్షికోత్సవమైనా, అందరూ వరసగా నిలబడేసరికి అత్తమ్మ ఉండదు. “చెప్పులు చూస్తుంట, మీరు దిగుండ్రి” అంటుంది, లేకపోతే పొయ్యి మీద ఏదో మాడిపోతున్నట్టు లోపలికి పరుగెత్తుతుంది. మా ఇంటి పద్నాలుగేళ్ల ఫోటోల్లో అత్తమ్మ లేదు. తన రంగు గురించి చిన్నబుచ్చుకుంటోందని నేననుకున్నాను. ఇంకొంచెం తెల్లగా చేసుండాల్సిందేమో అని కూడా ఒక దశలో అనుకున్నాను. నా తెలివి అప్పట్లో అట్లా వెలిగేది.

లైట్ల కోసం దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక షాపుకు వెళ్లాను. అక్కడ లైట్లు అమ్మే ఆయన గోదావరి వైపు మనిషి. పట్నం వచ్చి ఇరవై ఏళ్లయిందంటాడు గానీ మాట మీద ఇంకా కాలువగట్టు తేమ ఆరలేదు. ఏది అడిగినా మూడు చూపిస్తాడు, మూడింటినీ ఒకేలా పొగుడుతాడు.

“ఇది పెట్టండి మేడమ్, మనిషి కూర్చుంటే చాలు, మిలమిలలాడిపోతారంతే. మీరు కంప్యూటర్లో చేసే పనంతా ఇదే చేసేస్తుందండీ.”

“ముఖం మీద మచ్చలు గిట్ల కనవడవా?”

“మచ్చా? భూతద్దం పెట్టి వెతికినా దొరకదండి!”

నాకు కావలసింది అదే కదా అనుకున్నాను. ఏ లైటుకైనా ఏదో ఒక అంకె చెప్పేవాడు, రంగు ఇంత శాతం నిజంగా చూపిస్తుంది అని. నేను తలూపేదాన్ని. ఆ అంకెలు నాకు ఎంత అర్థమయ్యాయో ఆయనకూ అంతే అర్థమయ్యాయని నా అనుమానం. చివరికి నేను ఎటూ తేల్చుకోలేక, మూడు రకాలు నా గదికే తెచ్చి చూపించమన్నాను. మంచివాడే, ఒప్పుకున్నాడు. శుక్రవారం పొద్దున పదకొండింటికి ఆటోలో మూడు లైట్లు వేసుకుని దిగాడు.

మొదటిది పలకలాగా చదునుగా ఉండే ఎల్‌ఈడీ ప్యానెల్. రెండోది గుండ్రటి రింగ్ లైటు, ఫోన్లో వీడియోలు చేసుకునే పిల్లలు ముందు పెట్టుకునేది. మూడోది పెద్ద నల్లటి గుడ్డపెట్టె, లోపల ఒక్క దీపం, ముందు తెల్లటి గుడ్డ. సాఫ్ట్‌బాక్స్ అంటారు. “ఇది పాత మోడలండి, బరువు. ఆటోలో చోటుందని వేశాను, మీరు దీని జోలికి పోకండి” అన్నాడు. మోసుకొచ్చిన వస్తువును తనే వద్దనే అమ్మకందారును నేను మొదటిసారి చూడటం.

ప్యానెల్ పెట్టి వెలిగించాం. గది మొత్తం కొత్త స్టీలు గిన్నెలా మెరిసింది. నా అరచెయ్యి చూసుకున్నాను, గోడ చూశాను, తెర చూశాను. ముఖం కావాలి కదా. ఆయన్ని కూర్చోమంటే, “నా మొహం ఎందుకులెండి” అని మీసం సవరించుకున్నాడు. సరిగ్గా అప్పుడే అత్తమ్మ వచ్చింది. ఇంటినుంచి నడిచొచ్చింది. ఒక చేతిలో నా అన్నం డబ్బా, ఇంకో చేతిలో సంచీ, అందులో బత్తాయిలు. ఎక్కడికి పోయినా బత్తాయిలు పట్టుకుపోవడం ఆవిడకు మార్కెట్ రోజులనుంచీ అలవాటు. ఎండకు ఆయాసపడుతూ, ఖాళీగా కనిపించిన స్టూలు మీద కూర్చుంది. అది ఫోటో దిగేవాళ్లు కూర్చునే స్టూలని ఆవిడకు తెలియదు.

“పెద్దమ్మగారూ, ఒక్క నిమిషం అలాగే ఉండండి. లేవకండి.” ఆయన అనేశాడు.

ఇప్పుడు లేచి చెప్పుల దగ్గరికి పోతుందనుకున్నాను. అత్తమ్మ నా వైపు చూసింది. నా చేతిలో కెమెరా, కొత్త గది, పరాయి మనిషి. అందరిముందు కోడలి మాట కాదనడం ఎందుకనుకుందో ఏమో, కొంగు సర్దుకుని కదలకుండా కూర్చుంది. నేను ఆలస్యం చెయ్యకుండా నొక్కాను.

కంప్యూటరు తెర మీద ఫోటో తెరిచాను. అమ్మే ఆయన చప్పట్లు కొట్టినంత పని చేశాడు. “చూశారా! మీరు వేలు పెట్టక్కర్లేదండి. పెద్దమ్మగారు ఎంత తెల్లగా వచ్చారో!”

నిజంగానే తెల్లగా వచ్చింది. నేను మౌసు ముట్టుకోలేదు, అయినా అచ్చం నా పాత పనిలాగే ఉంది. అత్తమ్మ స్టూలు మీదినుంచి లేచి వచ్చి, నా భుజం మీదుగా వంగి చూసింది. వేలు తన గడ్డం మీదికి పోయింది.

“మళ్ల పోయినయ్” అంది, మెల్లగా.

“ఏం పోయినయ్ అత్తమ్మా?”

“సుక్కలు. నువ్వు పెండ్లప్పుడు తీసేసినవ్. ఇప్పుడు గీ లైటే తీసేసింది.”

పద్నాలుగేళ్లుగా ఆవిడకు తెలుసు, నేనే తీశానని. “నీకు కోపమొచ్చిందా అప్పుడు?” అని అడిగాను.

“కోపమేంది బిడ్డా. కొత్త పిల్లవు, మంచిగ చెయ్యాలనే చేసినవ్.” స్టూలు దగ్గరికి పోయి మళ్లీ కూర్చుంది. నడక అలసట వల్లే అనుకుంటాను. సంచీ ఒళ్లో పెట్టుకుని చెప్పింది. “నేను, మా అక్క ఒకటే రోజు పొడిపిచ్చుకున్నం. జాతరల పచ్చలు పొడిచే ఆమె కూసున్నది. ముందుగాల అక్క పొడిపిచ్చుకున్నది, ఏడ్వలే. నేను మస్తు ఏడ్సిన. అక్కనే నా మొకం రెండు చేతులతోని గట్టిగ పట్టుకున్నది, కదలకుండ. ఆమెకు మూడు, నాకు మూడు. సూది గూడ ఒకటే.”

“పెద్దమ్మనా? నేను చూడలే గదా.”

“నువ్వెక్కడ చూస్తవ్. బిడ్డను కన్న పదకొండో దినం జరమొచ్చి పోయింది. ఇర్వై ఏండ్లు గూడ లెవ్వు. ఆమెది ఒక్క ఫోటో లేదు. యాడ తీసిండ్రు అప్పుడు, ఎవ్వలు తీసిండ్రు?” ఒళ్లో సంచీ సర్దుకుంది. “మొకం గూడ నాకు సరిగ్గ యాదికి లేదు బిడ్డా. ఇద్దరం ఒక్కతీర్గ ఉంటుంటిమని మా అమ్మ అంటుండె. పొద్దుగాల అద్దంల చూసుకుంటే ముందుగాల గా సుక్కలే చూస్త. ఇట్లనే ఉంటుండె గదా అక్క అనుకుంట.”

ఆ అక్క కూతురు ఎవరో నాకు తెలుసు. నాకు వదిన వరస. ఊళ్లో ఉంటుంది, అమ్మమ్మ చేతిలో పెరిగింది. మా ఇంటికొచ్చినప్పుడల్లా అత్తమ్మ పక్కనే పడుకుంటుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకోరు, ఆమె అత్తమ్మ ముఖమే చూస్తూ ఉంటుంది. ఆ చూపుకు అర్థం నాకు ఆ స్టూడియోలో, ఆ ప్యానెల్ వెలుగులో తెలిసింది. నేను మూడు నొక్కులతో తుడిచేసింది ఏమిటో కూడా అప్పుడే తెలిసింది. చాలా సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది కానీ పరాయి మనిషి ముందు ఏడవడం నాకు నచ్చదు, లైటు స్టాండు సర్దుతున్నట్టు అటు తిరిగాను.

“ఇది వద్దు, ఆర్పెయ్యండి” అన్నాను.

“అదేంటండీ, ఇంత బాగా వస్తే!”

“ఆమె గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలున్నయ్. అవి కనవడాలె. నాకు గా లైటు కావాలె.”

ఆయన వంగి అత్తమ్మ గడ్డం చూశాడు. మొదటిసారి ఆయన నోట పొగడ్త రాలేదు. “మా నాయనమ్మకి చేతి మీద ఉండేదండి, తేలు బొమ్మ” అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, రింగ్ లైటు ముందుకు లాగాడు.

రింగ్ లైటు పెట్టి తీశాం. చుక్కలు కనిపించాయి, కానీ బూడిద రంగులో, గడ్డానికి మసి అంటుకున్నట్టు. కళ్లలో రెండు గుండ్రటి తెల్ల వలయాలు. అత్తమ్మ చూసి, “గిదేంది, నా కండ్లల్ల గాజులేసిండ్రు” అంది. నేను ఎత్తు మార్చాను, దూరం మార్చాను, కెమెరాలో ఏవేవో అంకెలు మార్చాను. ఆయన కూడా ఫోన్లో ఎవరినో అడిగాడు. బూడిద మాత్రం ఆకుపచ్చ కాలేదు. నాకు తిక్క రేగింది. పదకొండేళ్లు రంగులతో బతికినదాన్ని, ఒక్క ఆకుపచ్చ పట్టుకోలేకపోతున్నానా అని.

నా అవస్థ అంతా అత్తమ్మ చూస్తూ ఉంది. చూసి చూసి, సంచీలో చెయ్యి పెట్టి ఒక బత్తాయి తీసింది.

“మొకం చూస్తే నీకు తెల్వదు బిడ్డా. గిది చూడు.”

కాయను ముందు రింగ్ లైటు కింద పెట్టింది. అటూ ఇటూ తిప్పింది. “దీని కింద పచ్చి కాయనో పండుకాయనో తెల్వదు, అంత ఒక్కటే రంగు. బండ్లోళ్లు గిసువంటి బల్బులే కడ్తరు. అందుకే నేను బల్బు కింద కాయ కొననియ్య ఎవ్వలను. ఎలుతుర్లకు తెచ్చి చూడాలె.” ప్యానెల్ మళ్లీ వెలిగించమంది. దాని కింద పెట్టింది. “ఇది మరీ దొంగది. మచ్చ కనవడదు, మంగు కనవడదు. కొన్నోడు ఇంటికి పోయి తిట్టుకుంటడు.” మంగు అంటే బత్తాయి తొక్క మీద గోధుమ రంగులో వచ్చే మరక. ఆ కాయకు ఒక పక్కంతా ఉంది, ప్యానెల్ కింద నిజంగానే మాయమైంది.

అమ్మే ఆయన నోరు తెరిచి చూస్తున్నాడు. తన అంకెలన్నీ ఈవిడ ఒక్క కాయతో చెరిపేస్తోంది. నాకు లోపల నవ్వొస్తోంది, మొదటిసారి ఆ పొద్దున.

“గా నల్ల డబ్బా ఏంది?” అంది అత్తమ్మ.

“అది పాతదండి, బరువు...” అని ఆయన మొదలుపెట్టాడు గానీ, అప్పటికే నేను దాన్ని లాగుతున్నాను. బరువే, అబద్ధం కాదు. ఇద్దరం పట్టి నిలబెట్టాం. వెలిగిస్తే వెలుతురు గుడ్డలోంచి వడగట్టినట్టు మెత్తగా వచ్చింది. అత్తమ్మ కాయను దాని కింద పెట్టి తిప్పింది. తొడిమ దగ్గర పచ్చదనం అలాగే ఉంది, కిందికి వచ్చేకొద్దీ పసుపు, పక్కన మంగు మరక. షట్టరు దగ్గరికి నడిచి, ఎదురు గోడ వెలుతురులో ఇంకోసారి చూసింది. మళ్లీ వచ్చి డబ్బా కింద చూసింది.

“రెండు దిక్కుల ఒకటే ఉన్నది. గిది అబద్దం చెప్తలేదు” అని తేల్చి, కాయను మళ్లీ సంచీలో వేసుకుంది.

అయినా ఫోటోలో చుక్కలు అంతంతమాత్రంగానే వచ్చాయి. డబ్బాను ముఖానికి సరిగ్గా ఎదురుగా పెట్టాను, సార్ పెట్టినట్టు. లైటంటే ఎదురుగానే ఉండాలని పదకొండేళ్లుగా నా కళ్లకు అలవాటు. “అత్తమ్మా, నువ్వు అద్దం యాడ చూసుకుంటవ్?” అని అడిగాను.

“తలుపు కాడ. మొలకు కట్టి ఉంటది గదా.”

మా ఇంటి తలుపు పక్కన మేకుకు కట్టిన చిన్న అద్దం రోజూ చూసేదే. పొద్దున అత్తమ్మ అక్కడ నిలబడి తల దువ్వుకుంటుంది, తలుపులోంచి వచ్చే వెలుతురు ఒక చెంప మీదే పడుతుంది, రెండో చెంప నీడలో ఉంటుంది. డబ్బాను తీసి ఆవిడ ఎడమ పక్కకు, కొంచెం ముందుకు జరిపాను, తలుపు ఉండే చోటికి. నీడ మరీ నల్లగా పడకుండా కుడివైపు ఒక తెల్ల థర్మకోల్ షీటు నిలబెట్టాను. ఇప్పుడు ముఖానికి ఒక ఆకారం వచ్చింది. చెంప ఎముక, ముక్కు, పెదవి, గడ్డం ఒక్కొక్కటి విడివిడిగా నిలిచాయి. నలుపు నలుపులాగే ఉంది, నూనె రాసిన టేకు చెక్కలా నునుపుగా. గడ్డం మీద మూడు చుక్కలు పచ్చగా. పైన ఒకటి, కింద రెండు.

“కొంచెం నవ్వండి పెద్దమ్మగారూ” అన్నాడు ఆయన.

“ఎందుకు నవ్వాలె, పొడిచేటప్పుడు నవ్విననా?” అంది అత్తమ్మ. అంటూనే నవ్వింది. నేను నొక్కాను.

నల్ల డబ్బా నేను ఉంచేసుకున్నాను. ఆయన మిగతా రెండు లైట్లూ సర్దుకుంటూ, అదే రకం ఇంకోటి తెప్పిస్తానన్నాడు. పోతూ పోతూ అత్తమ్మను ఒక బత్తాయి అడిగాడు, వేరేవాళ్లకు లైటు చూపించడానికట. ఆవిడ రెండిచ్చింది. ఒకటి తినమంది.

ప్రింటరు అప్పటికింకా అట్టపెట్టెలోనే ఉంది. ఆదివారం పొద్దున స్టూడియో తెరిచే ప్రార్థన పెట్టుకున్నాం. శనివారం సాయంత్రం దాన్ని బయటికి తీసి బిగించి, కూర్చుని ఆ ఫోటో తెర మీద తెరిచాను. చెయ్యి అలవాటు కొద్దీ మౌసు మీదికి పోయింది. కంటి కింద ముడతలున్నాయి, నుదుటి మీద ఒక పాత గాటు ఉంది, ముక్కు పక్కన చిన్న పులిపిరి. పదకొండేళ్లలో ఎంతమంది ముఖాల మీదినుంచి ఏమేం తీసేశానో లెక్క లేదు. అందులో ఎవరి అక్కలున్నారో, ఎవరి అమ్మలున్నారో, వాళ్లలో ఎవరూ వచ్చి నాకు చెప్పలేదు. రసీదిచ్చి కవరు తీసుకుని వెళ్లిపోయారు. మౌసు పక్కకు నెట్టి, ఉన్నది ఉన్నట్టు ప్రింటుకు ఇచ్చాను.

ఆదివారం ప్రార్థన అయ్యాక, చర్చి వాళ్లు టీ తాగుతుండగా, ఫ్రేము కట్టిన ఫోటో అత్తమ్మ చేతిలో పెట్టాను. పద్నాలుగేళ్ల కిందట ఆల్బమ్ ఇచ్చినప్పుడు నాకు ఇంత భయం లేదు. అత్తమ్మ ఫోటో పట్టుకుని షట్టరు దగ్గరికి నడిచింది, కాయను చూసినట్టే ఎలుతుర్లకు తీసుకుపోయి చూసింది. ఫ్రేము కొంచెం అటు వంచింది, ఇటు వంచింది. తర్వాత బొటనవేలితో గాజు మీద ఆ మూడు చుక్కల దగ్గర మెల్లగా రాసింది.

“ఎట్లున్నది అత్తమ్మా?” నేను ఆగలేకపోయాను.

“నాదేమున్నది, ముసల్దాన్ని.” ఫోటో మీదినుంచి చూపు తియ్యలేదు. “అక్క మంచిగ ఒచ్చింది.”

నేను పక్కన నిలబడ్డాను. అత్తమ్మ కళ్లు తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది.

“ఇంకొకటి తియ్యి బిడ్డా. ఊర్లె అక్క బిడ్డకు పంపుదాం. వాళ్ల అమ్మను సూడలే అది.”

నేను లోపలికి పోయి ప్రింటర్లో కాగితం పెట్టాను.